మీకు తెలుసా? యాభై దాటిన మొహానికి ఇంట్లో చేసుకునే మైనం ముద్ద

గుమ్మానికి కట్టిన కలబంద ఎందుకు ఎండదు?

కడప జిల్లా పులివెందుల, వేముల, తుమ్మలపల్లె వైపు కొత్తిల్లు కట్టినా, అంగడి తెరిచినా గుమ్మం పైన ఒక కలబంద మొక్కను వేర్లతో సహా తలకిందులుగా కట్టేస్తారు, దిష్టి తగలకూడదని. దానికి మట్టి ఉండదు. నీళ్లు పోసేవాళ్లుండరు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటి మాడుస్తున్నా అది నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఒక్కోసారి కొన వంకర తిప్పుకుని పైకి కొత్త ఆకు కూడా పెడుతుంది. దీని గుట్టు రెండు సంగతుల్లో ఉంది. ఒకటి, ఆకు మీదున్న మైనపు పొర. రెండు, చాలా మొక్కలు పగలు తెరిచే పత్రరంధ్రాలను కలబంద పగలు మూసుకుని రాత్రి పూట తెరుస్తుంది. లోపల దాచుకున్న నీరు బయటికి పోవడానికి దారే తక్కువ.

వయసు మీదపడిన మొహానికి ఇంట్లో ఏదైనా చేసుకోవాలనుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన సూత్రం ఇదే. చర్మానికి తేమ ముఖ్యంగా లోపలి నుంచే వస్తుంది. అది గాలికి ఆరిపోకుండా పైన మూత వేయడమే మన చేతిలో ఉన్న పని. ఈ వారం ముచ్చట్లలో చాలావరకు ఆ మూత గురించే.

యాభై దాటితే మొహం ఎందుకు ఎండిపోతుంది?

చర్మానికి అన్నింటికన్నా పైనుండే పొర మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది, అంతే. చచ్చిపోయిన కణాలు, వాటి సందుల్లో కొవ్వులు కలిసి ఆ పొర ఏర్పడుతుంది. ఆ కొవ్వుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ముఖ్యమైనవి. ఒంట్లో నీరు గాలిలో కలిసిపోకుండా ఆపేది అవే. వయసు పెరిగేకొద్దీ ఈ కొవ్వుల ఉత్పత్తి తగ్గుతుంది, నూనె గ్రంథులు కూడా మందగిస్తాయి. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక మార్పు మరీ త్వరగా కనిపిస్తుంది. తొలి అయిదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుందని వైద్యులు లెక్కగట్టారు. అందుకే నలభైల్లో ఏ నూనె రాయకున్నా మెరిసిన చెంపలు యాభై అయిదుకు వచ్చేసరికి మొహం కడుక్కున్న పది నిమిషాలకే లాగేసినట్టు అవుతాయి.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ఇంట్లో చేసినదైనా, వేలు పోసి కొన్నదైనా, మాయిశ్చరైజర్ లోపల తగ్గిన కొల్లాజెన్‌ను తిరిగి తేలేదు. కొల్లాజెన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు. 500 డాల్టన్లకు మించిన అణువులు మంచి చర్మాన్ని దాటి లోపలికి పోవడం కష్టం. కొల్లాజెన్ క్రీము అని డబ్బా మీద రాసినంత మాత్రాన అది చర్మంలోకి దిగదు. అయితే పై పొరలో తేమ నిలిస్తే ఎండుదనం వల్ల పడిన సన్నని గీతలు నిజంగానే సర్దుకుంటాయి, దురద తగ్గుతుంది, పొట్టు రాలడం ఆగుతుంది. పెద్దగా ఖర్చు లేకుండా ఇంతవరకు సాధించవచ్చు. ఇది చిన్న మేలు కాదు.

తుమ్మలపల్లె రాయికీ మొహం సబ్బుకూ సంబంధం ఉంది

తుమ్మలపల్లె పేరు దేశమంతా తెలిసింది యురేనియం వల్ల. అక్కడి ఖనిజం వేంపల్లె శిలల్లో, డోలమైట్ అనే సున్నపురాతి జాతిలో దొరుకుతుంది. డోలమైట్ అంటే కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్. ఇటు జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు వెళ్తే నేలంతా సున్నపురాయే. కడప బండలు, సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే. ఇలాంటి రాతి సందుల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కలిసి నీళ్లు గడుసుబారతాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి చార పడుతుంది.

ఆ చారలో కొంత మన మొహం మీద కూడా మిగులుతుంది. ఇలాంటి గడుసు నీళ్లలో సబ్బు కలిస్తే కరగని తెట్టు తయారవుతుంది. ఎంత కడిగినా కాస్త అంటుకునే ఉంటుంది. దానికి తోడు చర్మం సహజంగా కొద్దిగా పుల్లటి గుణంతో, పీహెచ్ 5కి అటూఇటూగా ఉంటే, మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. రోజూ మూడుసార్లు సబ్బుతో మొహం రుద్దుకునే పెద్దవాళ్లు, ఉన్న కాస్త కొవ్వునూ తామే కడిగేసుకుంటున్నట్టు. నా సలహా: యాభై దాటాక మొహానికి సబ్బు మానేయండి. చెమట, దుమ్ము పోవడానికి పెసరపిండిని పాలతో గానీ నీళ్లతో గానీ పల్చగా కలిపి మెల్లగా రాసి కడిగేస్తే చాలు. చివరి చెంబు మాత్రం కాచి చల్లార్చిన నీళ్లో, తాగే ఫిల్టరు నీళ్లో అయితే మేలు.

ఏ నూనె?

కడప జిల్లాలో ఈ ప్రశ్నకు జవాబు పొలంలోనే దొరుకుతుంది. చెనిక్కాయలు, నువ్వులు, పొద్దుతిరుగుడు, కుసుమలు, గట్ల మీద ఆముదం: నూనె గింజలకు కొదవ లేని సీమ ఇది. అయితే అన్ని నూనెలూ చర్మానికి ఒకేలా పనిచేయవు. తేడా వాటిలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో ఉంది.

లినోలిక్ ఆమ్లం ఎక్కువున్న నూనెలు చర్మపు పై పొరకు అనుకూలం. సెరమైడ్ల తయారీకి చర్మం వాడుకునేది ఆ ఆమ్లాన్నే. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో అది సుమారు 60 శాతం, కుసుమ నూనెలో ఇంకా ఎక్కువ, 75 శాతం దాకా. ఒలీక్ ఆమ్లం ఎక్కువైన నూనెలు మాత్రం ఆ పొరను కాస్త వదులు చేస్తాయి. 2013లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొద్దిమంది పెద్దల చేతుల మీద కొన్ని వారాలు ఈ రెండు రకాల నూనెలూ రాయించి చూశారు. పొద్దుతిరుగుడు నూనె రాసినచోట చర్మం చెక్కుచెదరలేదు, తేమ పెరిగింది. ఆలివ్ నూనె రాసినచోట పై పొర బలహీనపడి కొద్దిగా ఎర్రబడింది. ఖరీదైన సీసా అని ఆలివ్ నూనె కొని మొహానికి రాసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పొద్దుతిరుగుడు నూనె గొప్పదనం ఇంకోచోట కూడా తేలింది. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఒంటికి ఈ నూనె రాస్తే, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పసికందు చర్మమూ, ముసలి చర్మమూ ఒక విషయంలో ఒకటే: రెండింటిలోనూ పై పొర బలహీనం.

చెనిక్కాయ నూనెలో దాదాపు సగం ఒలీక్ ఆమ్లం, మూడో వంతు దాకా లినోలిక్ ఆమ్లం. కాళ్లకు, చేతులకు రాసుకోవడానికి బాగానే ఉంటుంది, మొహానికి నా రెండో ఎంపిక. చెనిక్కాయ పడనివాళ్లు, అది తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు గానుగ నూనెను ఒంటికి తాకించకూడదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన కేంద్రంతో కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 అనే రకాలు తెచ్చింది. వాటి నూనెలో ఒలీక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. ఎక్కువ కాలం ముక్కవాసన పట్టకుండా నిలుస్తుంది కాబట్టి వంటకూ, అమ్మకానికీ మంచిది. మొహానికి మాత్రం మామూలు పొద్దుతిరుగుడే నయం.

నువ్వుల నూనె మధ్యస్థం. రెండు ఆమ్లాలూ దాదాపు సరిసమానంగా, చెరొక నలభై శాతం ఉంటాయి. పైగా సెసమాల్ వంటి పదార్థాలు ఉండటం వల్ల త్వరగా ముక్కవాసన పట్టదు. దీపావళికి, ఉగాదికి తలంటు పోసుకునే ముందు ఒంటికి ఈ నూనె పట్టించడం తరాలుగా వస్తున్నదే. కొబ్బరి నూనె ఎండిన చర్మానికి మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసిందని ఫిలిప్పీన్స్‌లో 2004లో చేసిన పరీక్షలో తేలింది, కానీ మొటిమలు వచ్చే గుణం ఉన్నవాళ్లకు రంధ్రాలు పూడిపోతాయి. ఆముదం మరీ చిక్కన. రిసినోలిక్ ఆమ్లం 85 శాతానికి పైనే ఉండే ఆ నూనెను లిప్‌స్టిక్కుల్లో వాడేది ఆ జిగురు కోసమే. పెదవులకు, మడమలకు, మోచేతులకు చుక్క చాలు.

మైనం ముద్ద చేసే తీరు

ఇది ఈ వారం అసలు సంగతి. నీటి చుక్క లేకుండా నూనె, తేనెమైనం మాత్రమే వాడతాం కాబట్టి ఇందులో బూజు పట్టదు, నిలవ ఉండటానికి మందు కలపనక్కర్లేదు.

పొద్దుతిరుగుడు నూనె గానీ, నువ్వుల నూనె గానీ, రెండూ సగం సగం గానీ 50 గ్రాములు. తేనెమైనం 10 గ్రాములు. చలికాలంలో 8 గ్రాములు చాలు. ఏప్రిల్, మే నెలల్లో 12 వేయండి, లేకుంటే మన ఎండకు ముద్ద జారుగా అయిపోతుంది. వంటింట్లో తూకం లేకపోతే బంగారం అంగడిలో తూయించుకోండి, ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లకు కొదవా?

మైనం సంపాదించడమే కాస్త కష్టం. కొండతేనె తెచ్చి అమ్మేవాళ్లను తేనె పిండిన పట్టు అడగండి. దాన్ని నీళ్లలో వేసి కాచి, పాత పంచెగుడ్డలో వడగట్టి, కదల్చకుండా చల్లారనివ్వండి. చెత్త అడుగుకు, తేనె నీళ్లలోకి పోయి, మైనం పసుపు పచ్చని బిళ్లలా పైకి తేలి గట్టిపడుతుంది. ఒకసారితో శుభ్రపడకపోతే మళ్లీ కాచండి. వాడేముందు ఆ బిళ్లను నీడన పూర్తిగా ఆరబెట్టాలి, చెమ్మ మిగలకూడదు. కొవ్వొత్తుల అంగట్లో దొరికే తెల్లటి మైనం తేనెమైనం కాదు, పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్. ఈ పనికి దాన్ని తేకండి.

ఒక వెడల్పు గిన్నెలో నీళ్లు కాగనిచ్చి, మంట తగ్గించి, అందులో చిన్న స్టీలు గిన్నె నిలబెట్టి నూనె, మైనం తురుము వేయండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. నేరుగా పొయ్యి మీద పెడితే నూనె మాడిపోతుంది, కొన్నిసార్లు అంటుకుంటుంది కూడా. మైనం కనిపించకుండా కరిగాక ఒక చుక్క చల్లటి చెంచా మీద వేసి చూడండి. వేలితో తాకితే వెన్నలా జారాలి. గట్టిగా ఉంటే ఇంకో చెంచా నూనె, మరీ జారుగా ఉంటే చిటికెడు మైనం. దించాక గిన్నె అంచుల దగ్గర తెల్లబడటం మొదలయ్యేదాకా ఆగి, పొడి చెంచాతో నిమిషం పాటు కలపండి. అలా కలపకపోతే ఇసుకలా పలుకులు పడతాయి. పొడి గాజు సీసాలో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి చెమ్మ పడుతుంది, చెడిపోవడానికి అదే మొదలు. సీసా మీద తేదీ రాసుకోండి. రెండు, మూడు నెలల్లో అయిపోయేంతే చేసుకోండి. ముక్కవాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి.

రాసుకునే వేళ కూడా ముఖ్యం. మొహం కడుక్కుని గుడ్డతో అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు రాసుకోవాలి. పొడి మొహం మీద రాస్తే మూత పడుతుంది గానీ లోపల నిలపడానికి నీరు తక్కువే ఉంటుంది. సెనగ గింజంత తీసి అరచేతుల్లో రుద్ది, చెంపలకు, నుదుటికి, మెడకు అద్దండి. రుద్దకూడదు. రాత్రి పడుకునే ముందు రాస్తే ఎక్కువ లాభం, చర్మం నుంచి నీరు ఎక్కువగా పోయేది రాత్రుళ్లే. మొదటిసారి వాడేముందు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూడండి.

ఈ పద్ధతి వయసు ఎంత?

తేనెమైనం, నూనె, నీళ్లు కలిపి క్రీము చేయడం రోమ్ సామ్రాజ్యంలో రెండో శతాబ్దంలో ఉన్న గాలెన్ అనే గ్రీకు వైద్యుడి పేరు మీద ప్రసిద్ధి. నీరు ఆవిరవుతూ చర్మానికి చల్లగా తగలడం వల్లే కోల్డ్ క్రీం అన్న పేరు. కానీ నీళ్లు కలిపిన ప్రతి క్రీమూ సూక్ష్మజీవులకు పండగే. కంపెనీలు వాటిలో ప్రిజర్వేటివ్‌లు వేసేది ఊరికే కాదు. ఇంట్లో రోజ్‌వాటరో, కలబంద గుజ్జో కలిపి సీసాకెత్తిన క్రీము బయటికి బాగానే కనిపిస్తూ నాలుగైదు రోజుల్లో లోపల చెడిపోవచ్చు, అది పల్చబడిన చర్మానికి ప్రమాదం. సహజమైనది కాబట్టి ఏమీ కాదనుకోవడం తప్పు. నీళ్లున్నది వారానికి సరిపడా మాత్రమే, అదీ ఫ్రిజ్‌లో.

నూరుసార్లు కడిగిన నెయ్యి

మన ఆయుర్వేదంలో శతధౌత ఘృతం అని ఒకటుంది. ఆవు నెయ్యికి నీళ్లు పోసి, అరచేత్తో తిప్పి తిప్పి మర్దించి, నీళ్లు వంపేసి మళ్లీ పోసి, ఇలా నూరుసార్లు. కడిగేకొద్దీ పచ్చదనం పోయి, పలుకు పోయి, తెల్లటి మెత్తని ముద్ద అవుతుంది. నెయ్యి వాసన కూడా దాదాపు పోతుంది. కొవ్వులో నీటి బిందువులు చిక్కుకుని క్రీము అవడం ఇది. ఏ యంత్రమూ, ఏ రసాయనమూ లేకుండా చేతి ఓపికతోనే. శాస్త్రం రాగి పాత్ర చెబుతుంది. స్టీలు గిన్నెలో చేసినా ముద్ద తయారవుతుంది. చేసింది మాత్రం రాగిలో నిలవ ఉంచకండి, రాగి తగిలితే కొవ్వు త్వరగా చెడుతుంది. నీళ్లున్నది కాబట్టి కొంచెం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఓపికున్న ఇంట్లో దీనికి మించిన క్రీము లేదనిపిస్తుంది నాకు.

కలబంద గుజ్జు ఒక్కటే రాస్తే?

కలబంద గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. రాయగానే చల్లగా, హాయిగా ఉంటుంది, ఆరిపోగానే మొహం మళ్లీ బిగుసుకుంటుంది. అందుకని గుజ్జు రాసిన వెంటనే, చెమ్మ ఉండగానే పైన మైనం ముద్దో, రెండు చుక్కల నూనో రాయాలి. ఇంకో జాగ్రత్త: ఆకు కోయగానే కారే పసుపు పచ్చని చేదు జిగురులో అలోయిన్ ఉంటుంది, కొందరికి మంట, దద్దుర్లు తెస్తుంది. కోసిన ఆకును పదిహేను నిమిషాలు నిలువుగా ఆనించి ఆ జిగురంతా కారిపోనిచ్చి, కడిగి, అప్పుడు తోలు తీయండి.

గ్లిజరిన్, మీగడ, అరటిపండు

సబ్బు తయారీలో మిగిలే గ్లిజరిన్‌ను 1779లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆలివ్ నూనె నుంచి వేరు చేశాడు. అది నీటిని పట్టి ఉంచుతుంది. మందుల అంగట్లో చవకగా దొరుకుతుంది. నేరుగా మాత్రం రాయకండి. ఒక చెంచా గ్లిజరిన్‌కు పది చెంచాల నీళ్లు. మన ఎండాకాలపు పొడిగాలిలో చిక్కటి గ్లిజరిన్‌కు గాలిలో తేమ దొరకక, చర్మం లోపలి నీటినే లాగుతుంది. దీని మీద కూడా నూనె పూత ఉండాల్సిందే.

మీగడలో వెన్న కొవ్వుతోపాటు కొద్దిగా లాక్టిక్ ఆమ్లం కూడా ఉంటుంది. చర్మం తనంతట తాను తేమ పట్టడానికి వాడుకునే పదార్థాల్లో ఆ ఆమ్లం ఒకటి. బర్రె పాల మీగడ ఇంకా మంచిది, కొవ్వు ఎక్కువ. పావుగంట ఉంచి గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి. పులివెందుల అరటిపండు గుజ్జు పూతలో కడిగాక మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఆ పండు తినండి.

నిమ్మకాయ, వంట సోడా వద్దు

నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు నల్లమచ్చలు పడతాయి, నెలల తరబడి పోవు. వంట సోడా సబ్బు కన్నా నయమేమీ కాదు. ఈ రెండూ కలిపిన చిట్కాలు ఫోన్లలో ఎన్ని తిరిగినా పెద్దవాళ్ల మొహం దగ్గరికి రానివ్వకండి.

పసుపు సంగతి వేరు. కడప పసుపుకు పెద్ద మార్కెట్టు. గాయాలు మాన్పే పసుపు గుణానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు, మన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. కానీ పసుపు మాయిశ్చరైజర్ కాదు. ఉత్త పొడి రాస్తే చర్మం ఇంకా ఎండుతుంది. రాసుకునే అలవాటుంటే నూనెలో రంగరించండి. రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్‌ను పొడుల్లోనూ, కొమ్ముల మీదా కల్తీ చేసిన సంఘటనలున్నాయి, కాబట్టి నమ్మకమైన చోటే కొనండి.

ముడతలకు అసలు కారణం

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ఫొటో వేసింది. 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల డ్రైవరు మొహం అది. కిటికీ వైపున్న ఎడమ చెంప మడతలు పడి వేలాడుతుంటే కుడి చెంప చాలా నయంగా ఉంది. మనిషి ఒకడే, వయసు ఒకటే. తేడా అద్దంలోంచి వచ్చే అతినీలలోహిత కిరణాలది. మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి మన డ్రైవర్లకు కుడి చెంప దెబ్బతింటుంది.

ఆస్ట్రేలియాలో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనిస్తే, రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్ల చర్మానికి ముసలితనం 24 శాతం తక్కువగా వచ్చిందని 2013లో తేలింది. ఇంట్లోని ఏ నూనె కూడా సన్‌స్క్రీన్ పని చేయదు. చెనిక్కాయలు పెరకడానికి, కలుపు తీయడానికి పోయే మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. చేతులకు అంతకు మించిన రక్షణ లేదు. ఆ తువ్వాలును నుదుటి మీదికి ముందుకు లాగి కట్టుకుంటే చెంపలకు కూడా నీడ పడుతుంది. "ఎంతసేపు లేమ్మే, పొద్దెక్కకముందే వచ్చేస్తా" అని తువ్వాలు లేకుండా పోయే అవ్వలను ఆపండి.

క్రీములో స్టెరాయిడ్

మొహం తెల్లబడుతుందని మందుల అంగట్లో అడిగి తెచ్చుకునే కొన్ని ట్యూబుల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వారంలో మెరుపు వస్తుంది. నెలల్లో చర్మం కాగితంలా పల్చబడి, రక్తనాళాలు ఎర్రటి గీతల్లా బయటపడతాయి, మానేస్తే మంట. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. చీటీ లేకుండా ఇస్తే తీసుకోకండి. వయసుతో ఇప్పటికే పల్చబడిన చర్మానికి ఇంతకన్నా హాని మరొకటి లేదు.

దురద తగ్గకపోతే

తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో ప్రారంభమయ్యాయి. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల పల్లెల రైతులు బోర్ల నీళ్లు చెడాయని, ఒళ్లు దురదలు పెడుతున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. తమ చెరువు కారణం కాదని గనిని నడిపే సంస్థ అంటోంది. ఆ వాదన ఎటు తేలినా ఇంట్లో చేసుకున్న ముద్ద దానికి జవాబు కాదు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి దురద మొదలైతే, బోరు నీళ్లు మార్చిన తర్వాతే మొదలైతే, నీళ్లను పరీక్షకు పంపమని పంచాయతీని గట్టిగా అడగండి, అడిగినట్టు కాగితం ఉంచుకోండి.

మూడు వారాలు రోజూ రెండుపూటలా తేమ నిలిపే పూత రాసినా దురద, పొట్టు తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించాలి. ఒంట్లో ఇంకేదో జబ్బు కూడా కారణం కావచ్చు. ఎండ తగిలే చోట, అంటే ముక్కు మీద, చెంప మీద, చెవి అంచున, నెల దాటినా మానని పుండు గానీ, పెరుగుతున్న మచ్చ గానీ కనిపిస్తే నూనెలు రాస్తూ కూర్చోకండి. కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఆలస్యం చేయకుండా వెళ్లి చూపించుకోండి.